పిల్లల బ్యాగు పిల్లలనే మోయనివ్వండి



బడులు తెరిచి నెల దాటింది. ఈ నెలలో గృహ దర్శనాలకు వెళ్లిన ఇళ్లలో మేము ఒకే తంతు మళ్లీ మళ్లీ చూశాం. మూడో తరగతి పిల్లవాడిని "ఏం నాన్నా, ఇవాళ బడిలో ఏం చెప్పారు?" అని అడుగుతాం. వాడు నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంటుంది: "తీసివేతలు చెప్పారండి అయ్యగారూ, రేపు స్లిప్ టెస్టు కూడా ఉందండి." వాడు అమ్మ మొహంలోకి చూస్తాడు. రేపు టెస్టు ఉందని వాడికి అప్పుడే తెలిసింది! హోంవర్కు వాట్సాప్ గ్రూపులో అమ్మకు వచ్చింది. బ్యాగు అమ్మే సర్దింది. ప్రాజెక్టుకు కావలసిన బొమ్మలు నాన్న జిరాక్స్ షాపులో ప్రింటు తీయించాడు. థర్మాకోల్ మీద సూర్యుడినీ గ్రహాలనూ మేనమామ అంటించాడు. పిల్లవాడి వంతు పని దాన్ని బడికి మోసుకెళ్లడం. అదీ ఆటో దాకా తాతయ్యే మోశాడు.

దీన్ని మనం ప్రేమ అనుకుంటున్నాం. కాదు ప్రియులారా. పిల్లవాడి చేతిలో దేవుడు పెట్టిన పనిని వాడి చేతిలోంచి లాక్కోవడం ఇది. ఆ పని చిన్నదే కావచ్చు, ఒక పలక, ఒక బలపం, నాలుగు లెక్కలు. కానీ అది వాడిది. వాడిది వాడికి ఇవ్వండని అడగడానికే ఈ వారం ఈ మాటలు రాస్తున్నాం. కొంచెం ఘాటుగా ఉంటే ఓర్చుకోండి.

భారం వేరు, బరువు వేరు

గలతీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు రెండో వచనంలో ఒకరి భారాలు ఒకరు మోయమన్నాడు. మూడు వచనాలు దాటాక, ఐదో వచనంలో, ప్రతి ఒక్కడూ తన బరువు తానే మోసుకోవాలన్నాడు. ఇదేమిటి, పౌలు తన మాటను తానే కొట్టేసుకున్నాడా అని కొందరు అడుగుతుంటారు. లేదు. గ్రీకు మూలంలో అవి రెండు వేర్వేరు మాటలు. మొదటిది బారోస్. అంటే మనిషిని నలిపేసే భారం, ఒక్కడి వల్ల కానిది. రెండోది ఫోర్తియోన్. అంటే ఒక మనిషి తన భుజాన వేసుకుని నడవగలిగిన మూట. ప్రభువు తన భారం తేలికైనదని చెప్పినచోట ఉన్నది కూడా ఈ రెండో మాటే. మన తెలుగు బైబిల్లో కూడా గలతీ పత్రికలో ఒకచోట భారము అనీ, మరోచోట బరువు అనీ రెండు మాటలే పెట్టారు.

తల్లిదండ్రుల పనంతా ఈ రెండిటి మధ్య తేడా కనిపెట్టడంలోనే ఉంది.

ఆరేళ్ల పిల్లవాడి వీపు మీద వాడు మోయలేనంత పుస్తకాల మూట వేస్తే అది భారం. దాన్ని పెద్దలు దించాలి. కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగు విధానం కూడా బ్యాగు బరువు పిల్లవాడి బరువులో పదో వంతు దాటకూడదని చెప్పింది. రెండో తరగతి వరకు అసలు హోంవర్కే వద్దంది. మీ పిల్లల బడిలో ఇది పాటించకపోతే వెళ్లి అడగండి. అది మీ బాధ్యత.

కానీ ఆ బ్యాగులో రేపటికి ఏ పుస్తకం కావాలో చూసుకోవడం, పెన్సిలు చెక్కుకోవడం, తప్పు పోయిన లెక్కను మళ్లీ చేసుకోవడం, తెలియనిది టీచరును అడగడం, ఇవన్నీ వాడి సొంత మూట. మనం విచిత్రంగా తయారయ్యాం. దించాల్సిన భారాన్ని దించం. ఐదో తరగతి పిల్లవాడు రోజూ నాలుగు గంటలు ట్యూషన్‌లో కూర్చుంటే నోరెత్తం. వాడు మోయాల్సిన మూటను మాత్రం వాడి భుజం మీద క్షణం కూడా ఉండనివ్వం.

ఇంకో సంగతి, ఎవరికి కోపం వచ్చినా చెప్పక తప్పదు. ఒకే ఇంట్లో పదేళ్ల ఆడపిల్ల అంట్లు తోమి, బిందె మోసి, తమ్ముడికి జడుపు జ్వరమొస్తే బడి మానేసి కాపలా ఉంటుంది. తొమ్మిదేళ్ల మగపిల్లవాడికి మంచినీళ్ల గ్లాసు కూర్చున్నచోటికే వస్తుంది. ఆమె మీద భారం వేశాం. వాడి దగ్గర మూట కూడా లాగేసుకున్నాం. ఒకే గడపలో రెండు అన్యాయాలు. ఆడపిల్లకు చదువుకునే గంట ఇవ్వండి, మగపిల్లవాడికి చేసుకునే పని ఇవ్వండి.

ముదురు నారు

మన సంఘంలో ఎక్కువమంది వ్యవసాయం తెలిసినవారు. మీకు వరి నారు గురించి మేము చెప్పాల్సిన పని లేదు. నారుమడిలో నారు పచ్చగా, ఒత్తుగా, చూడముచ్చటగా ఉంటుంది. నీళ్లు దగ్గర, ఎరువు దగ్గర, కాపలా దగ్గర. అంత బాగుంది కదా అని దాన్ని అక్కడే ఉంచేస్తామా? అదును రాగానే పీకి, కట్టలు కట్టి, పెద్ద మడిలో నాటుతాం. నాటిన నాలుగు రోజులు వాలిపోయి, పచ్చబారి కనిపిస్తుంది. కొత్తగా వ్యవసాయంలోకి వచ్చినవాడైతే చచ్చిపోయిందని బెంగపడతాడు. తెలిసిన రైతు నీరు చూసుకుని ఊరుకుంటాడు. వేరు పట్టాక పిలకలు వేస్తుంది. కాలవ నీళ్లు ఆలస్యమైన ఏడు నారు ముదిరిపోతుంది. ఆ ముదురు నారు నాటితే ఏమవుతుందో మీకే తెలుసు. పిలకలు తగ్గుతాయి, దిగుబడి తగ్గుతుంది.

మన పిల్లలను ముదురు నారు చేస్తున్నాం. ఒకటో తరగతిలో మొదలుపెట్టాల్సిన చిన్న చిన్న పనులను పదో తరగతి దాకా మనమే చేసి, పదహారేళ్లకు ఒక్కసారిగా పీకి రెసిడెన్షియల్ కాలేజీలో పడేస్తున్నాం. అప్పటిదాకా తన టైంటేబుల్ తాను చూసుకోనివాడు, తన తప్పును తాను దిద్దుకోనివాడు, ఓడిపోవడమంటే ఏమిటో ఇంట్లో ఒక్కసారీ రుచి చూడనివాడు, అక్కడ ఒంటరిగా నిలబడాలి. ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడల్లా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ చదువుతూనే ఉన్నాం. ఆ మరణాలకు కారణాలు అనేకం. ఒక్క కారణం చెప్పి తేల్చేయడం ఆ తల్లిదండ్రుల దుఃఖాన్ని అవమానించడమే. అయితే ఒకటి మాత్రం మనం ఆలోచించుకోవాలి. పదికి నాలుగు వచ్చిన లెక్కల టెస్టును ఎనిమిదేళ్ల వయసులో అమ్మ ఒళ్లో కూర్చుని తట్టుకోవడం నేర్చుకుంటే, పడి లేవవచ్చని పిల్లలకు ముందే తెలుస్తుంది. చిన్న దెబ్బలు చిన్నతనంలోనే తగలనివ్వండి. పక్కన మీరు ఉండగా తగలనివ్వండి.

అక్షరం మన చేతికి ఎలా వచ్చింది

మన తాతముత్తాతల్లో చాలామందికి పలక పట్టే భాగ్యం లేదు. ఊరి బడి అరుగు దగ్గరికి రానివ్వలేదు. ఎవరో చదివి చెబితే వినాలి, ఎవరో రాసిన కాగితం మీద వేలిముద్ర వేయాలి. ఆ కాగితంలో ఏముందో తెలియక పోగొట్టుకున్న పొలాల కథలు ఇప్పటికీ మన పెద్దవాళ్ల నోట వింటున్నాం.

1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు సేవకులు విశాఖపట్నం వచ్చారు. సువార్తలను తెలుగులోకి తేవడం, పిల్లలకు బడి పెట్టడం, రెండూ వారి పనే. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారన్నది ఒంగోలు మిషన్ చరిత్రలో అందరికీ తెలిసిన సంగతి. వారి వెనుకే పల్లె పల్లెకూ పంతులు వచ్చాడు, చెట్టు కింద బడి వచ్చింది.

ప్రార్థనా మందిరంతో పాటు పలకాబలపం ఎందుకు వచ్చాయో ఆలోచించారా? మన ప్రొటెస్టెంట్ విశ్వాసానికి పునాదే అది. 1522లో మార్టిన్ లూథర్ కొత్త నిబంధనను జర్మన్ భాషలో అచ్చు వేయించాడు. రెండేళ్లకు, 1524లో, మగపిల్లలకూ ఆడపిల్లలకూ బడులు పెట్టండని పట్టణాల పెద్దలకు లేఖ రాశాడు. విశ్వాసి ఎవరో చెప్పింది తల ఊపి నమ్మడం కాదు, తానే చదవాలి, తానే గ్రహించాలి. బెరయ సంఘస్థులను లేఖనం మెచ్చుకున్నది ఎందుకు? పౌలంతటివాడు బోధించినా, ఆ మాటలు అలాగే ఉన్నాయో లేదో అని వారు ప్రతిరోజూ లేఖనాలు తిరగేసి చూసుకున్నారు. పౌలు దానికి నొచ్చుకోలేదు.

ఇప్పుడు చెప్పండి. ఇతరులు మన కోసం చదివే బానిసత్వం నుంచి దేవుడు మనల్ని బయటికి తెస్తే, మనం తిరిగి పిల్లల కోసం మనమే చదువుతున్నాం. గైడులో ఉన్న జవాబును అక్షరం పొల్లుపోకుండా నోటుపుస్తకంలోకి దించే పిల్లవాడికీ, తెలియని కాగితం మీద వేలిముద్ర వేసిన ముత్తాతకూ తేడా ఎంత? ముత్తాతకు దారి లేదు. వీడికి దారి ఉండి మనం మూసేశాం.

ప్రథమ్ సంస్థ అసర్ సర్వే పేరుతో 2005 నుంచి పల్లెల్లో ఇళ్లకు వెళ్లి పిల్లలచేత చదివించి చూస్తోంది. 2018 నివేదికలో, దేశం మొత్తం మీద పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు సుమారు సగం మందే. వారి నోటుపుస్తకాలు ఖాళీగా ఉన్నాయనుకుంటున్నారా? నిండుగానే ఉంటాయి. ఎర్ర ఇంకుతో టిక్కులు కూడా ఉంటాయి. పుస్తకం నిండింది, పిల్లవాడు నిండలేదు.

ఏలీ చేసిన మంచి పని

పరిశుద్ధ గ్రంథంలో పిల్లల సంగతులు వచ్చినచోటల్లా ఆగి చూడండి. పెద్దలు ఎక్కడ ఆగారో కనిపిస్తుంది.

బాలుడైన సమూయేలు రాత్రి పిలుపు విని మూడుసార్లు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. మూడోసారికి, పిలుస్తున్నది యెహోవా అని ఏలీ గ్రహించాడు. అప్పుడాయన ఏం చేశాడు? యాజకుడు కదా, అనుభవం ఉన్నవాడు కదా, "నువ్వు చిన్నవాడివి, ఉండు, నేను వెళ్లి విని వస్తాను" అన్నాడా? లేదు. ఎలా జవాబివ్వాలో చెప్పి, వెళ్లి పడుకొమ్మన్నాడు. నాలుగోసారి పిలుపు వచ్చినప్పుడు సమూయేలు ఒక్కడే ఉన్నాడు. తన కుమారుల విషయంలో ఏలీ తప్పిపోయాడు, నిజమే. ఈ ఒక్క రాత్రి మాత్రం సరిగ్గా చేశాడు. దారి చెప్పాడు, పక్కకు తప్పుకున్నాడు.

సౌలు దావీదుకు తన యుద్ధ కవచం తొడిగించాడు. ఎంత ప్రేమ! రాజుగారి శిరస్త్రాణం, రాజుగారి కత్తి. దావీదు వాటితో నడవలేకపోయాడు. తనకు అలవాటు లేదని తీసేశాడు. వాగులోంచి ఐదు నున్నని రాళ్లు తానే ఏరుకున్నాడు. నాన్న చేసిపెట్టిన థర్మాకోల్ ప్రాజెక్టు సౌలు కవచమే ప్రియులారా. తళతళలాడుతుంది, కానీ అది పిల్లవాడికి సరిపోయేది కాదు. వాడు సొంతంగా వంకరగా గీసిన బొమ్మ వాగులోని రాయి. గొల్యాతు ముందు నిలబడేరోజున చేతికి అందేది అదే.

మన ప్రభువు పన్నెండేళ్ల వయసులో దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్నాడు. లూకా ఆ దృశ్యాన్ని ఎలా రాశాడో చూడండి. ఆయన వింటున్నాడు, ప్రశ్నలు అడుగుతున్నాడు. ఆయన ఇచ్చిన జవాబులకు విన్నవారు విస్మయం చెందారన్న సంగతి ఆ తర్వాతే వస్తుంది. మన ఇళ్లలో పిల్లవాడు రెండో ప్రశ్న అడిగితే "ఎదురు మాట్లాడకు" అంటాం. లోకరక్షకుడే ప్రశ్నలు అడుగుతూ నేర్చుకున్నవాడైతే, మన పిల్లవాడి ప్రశ్నకు అంత భయమెందుకు?

నాలుగు అభ్యంతరాలు

ఈ మాటలు అన్నప్పుడల్లా మాకు కొన్ని జవాబులు వస్తుంటాయి. వాటిని దాటేయకుండా ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది: "మాకే చదువు రాదు అయ్యగారూ, మేమేం చేయగలం?" అమ్మా, ఈ విషయంలో మీరే ధనవంతులు. చదువు వచ్చిన తల్లి ఆశ ఆపుకోలేక హోంవర్కు తానే రాసేస్తుంది. మీకు ఆ శోధన లేదు. పొయ్యి దగ్గర కూర్చుని "నాకు తెలియదురా, నువ్వు చెప్పు, వింటాను" అనండి. "అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పు" అనండి. ఇతరులకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించినప్పుడే తనకు ఎక్కడ అర్థం కాలేదో పిల్లవాడికి తెలుస్తుంది. దీనికి ఫీజు లేదు.

రెండోది: "వదిలేస్తే మార్కులు తగ్గుతాయి, పక్కింటి పిల్ల ముందుకు పోతుంది." తగ్గవచ్చు, ఒక నెలో రెండు నెలలో. నాటిన నారు వాలినట్టే. అమ్మ రాసిన జవాబుకు పది, పిల్లవాడు రాసిన జవాబుకు ఆరు వస్తే, ఆ ఆరే నిజమైన మార్కు. పది మార్కులు అమ్మవి. టీచరు కూడా ఆ ఆరు చూస్తేనే ఎక్కడ మళ్లీ చెప్పాలో తెలుసుకోగలదు. మనం దిద్ది పంపితే టీచరు కళ్లకు గంతలు కట్టినట్టే.

మూడోది: "బెత్తం లేకపోతే పిల్లలు చెడిపోతారు, సామెతల గ్రంథంలోనే ఉంది కదా." క్రమశిక్షణ ఉండాలి. కాదనం. కానీ బెత్తం ఉన్నంతసేపే చదివేవాడు బెత్తానికి చదువుతున్నాడు, తనకు కాదు. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అదే చట్టం 29వ సెక్షన్ పిల్లలు భయం లేకుండా, చేసి చూసి, తామే కనుగొని నేర్చుకోవాలని చెబుతోంది. ఇరవై మూడో కీర్తనలో దండమూ దుడ్డుకర్రా గొర్రెకు ఆదరణ కలిగించాయి. మన చేతిలో కర్ర చూసి పిల్లవాడు ఆదరణ పొందుతున్నాడో, పక్కింట్లో దాక్కుంటున్నాడో మీరే చూసుకోండి.

నాలుగోది, కొంచెం బరువైనది: "ఇదంతా స్వేచ్ఛ పేరుతో తిరుగుబాటు నేర్పడం కాదా? తప్పిపోయిన కుమారుడు కూడా నా భాగం నాకిమ్మనే కదా అడిగాడు?" మంచి ప్రశ్న. దానికి జవాబు మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఉంది. యజమాని దాసులను పిలిచి, ఎవరి సామర్థ్యాన్ని బట్టి వారికి తలాంతులు అప్పగించి, దేశాంతరం వెళ్లాడు. ఆ వెళ్లడం గమనించండి. పక్కనే నిలబడి ప్రతి పైసాకూ ఆజ్ఞలివ్వలేదు. తిరిగి వచ్చి లెక్క అడిగాడు. సామర్థ్యాన్ని బట్టి ఇవ్వడం, తప్పుకోవడం, లెక్క అడగడం, ఈ మూడూ కలిస్తేనే అప్పగింత. లెక్క అడగకుండా ఇస్తే విచ్చలవిడితనం. ఇవ్వకుండా లెక్క అడిగితే దౌర్జన్యం. తలాంతు పాతిపెట్టిన ఆ మూడో దాసుడు ఏమన్నాడు? భయపడ్డానన్నాడు. సోమరితనానికి వేరు భయంలో ఉండటం చూడండి. తప్పు చేస్తే ఏమంటారోనన్న భయంతో జవాబు రాయకుండా ఖాళీ కాగితం ఇచ్చే పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. వారు తలాంతును మట్టిలో దాచుకుంటున్నారు.

మన మదనపల్లె పక్కనే జరిగిన పని

ఇవన్నీ ఊహలని, పట్నం పిల్లలకే కుదురుతాయని అనుకోకండి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో, ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు కూర్చునే చిన్న బడుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీశారు. ఏ కార్డు తర్వాత ఏ కార్డో చూపే నిచ్చెన లాంటి పటం గోడకు ఉంటుంది. పిల్ల తాను ఏ మెట్టు మీద ఉందో తానే చూసుకుని, తన కార్డు తానే తీసుకుని, పని చేస్తుంది. రాకపోతే టీచరునో, తెలిసిన తోటి పిల్లనో అడుగుతుంది. రెండు రోజులు బడి మానినా, వచ్చాక తాను ఆపినచోటి నుంచే మొదలుపెడుతుంది. తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడుల్లో అమలుచేసిన కృత్యాధార బోధనకు ప్రేరణ ఇక్కడిదే. ఆ విద్యాలయం స్థాపకుడు జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలకూ మన విశ్వాసానికీ పొంతన లేదు. అయినా మంచిని మంచి అనడానికి మాకు సంకోచం లేదు. కూలీల పిల్లలు, మట్టి నేల మీద కూర్చున్న పిల్లలు, ఆరేళ్లకే తమ చదువు ఎక్కడుందో తాము చెప్పగలిగారు. వేలకు వేలు ఫీజు కట్టే మన పిల్లల్లో ఎంతమంది చెప్పగలరు?

సండే స్కూలు సంగతి

తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలు కావాలి. సండే స్కూలు అసలు ఎందుకు పుట్టింది? 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో పత్రిక నడిపే రాబర్ట్ రైక్స్, వారమంతా పనిచేసే పేద పిల్లలకు ఆదివారం ఒక్కరోజు చదవడం నేర్పడానికి పూనుకున్నాడు. బైబిలు వారే చదువుకోవాలన్నది ఆయన ఆశ.

ఈరోజు చాలా సంఘాల్లో సండే స్కూలు అంటే కంఠత వాక్యాల పోటీ. ఊపిరి పీల్చకుండా పది వచనాలు అప్పజెప్పిన పిల్లకు స్టీలు గ్లాసు బహుమతి. కంఠతా పట్టడం మంచిదే, వాక్యం హృదయంలో దాచుకోవాలి. కానీ ఆ పిల్లను "దీనికి అర్థమేమిటమ్మా?" అని అడిగి చూడండి. పంచాంగం చదివినట్టు మళ్లీ మొదటి నుంచి అప్పజెబుతుంది. మోషే కాలంలో పస్కా ఆచరించేటప్పుడు, ఈ ఆచారం ఏమిటని పిల్లలు అడుగుతారు, అప్పుడు చెప్పండని దేవుడు ఆజ్ఞాపించాడు. యొర్దానులో నుంచి తీసిన పన్నెండు రాళ్లను గిల్గాలులో నిలబెట్టినప్పుడు కూడా, ఈ రాళ్లు ఏమిటని పిల్లలు అడుగుతారు, అప్పుడు చెప్పండన్నారు. దేవుని పద్ధతిలో ప్రశ్న పిల్లవాడిది. పాఠం ఆ ప్రశ్న దగ్గర మొదలవుతుంది. మన పద్ధతిలో ప్రశ్నా మనదే, జవాబూ మనదే, పిల్లవాడిది చప్పట్లు కొట్టే పని.

ఇక చేయవలసినవి

వదలడం వేరు, వదిలేయడం వేరు. సైకిలు నేర్పే తండ్రి సీటు పట్టుకుని కొంత దూరం పరుగెత్తుతాడు. వాడికి తెలియకుండా చెయ్యి తీస్తాడు. కానీ ఇంటికి పోయి పడుకోడు, వెనకే ఉంటాడు. అలా వెనక ఉండి చేయదగిన కొన్ని పనులు చెబుతున్నాం.

ఒకటి రెండు తరగతుల పిల్లలు బ్యాగు తామే సర్దుకోవాలి, బాక్సు తామే కడుక్కోవాలి. పెన్సిలు మరిచిపోతే ఆ రోజు పక్కవారిని అడిగి తెచ్చుకోవాలి. మీరు బండి వేసుకుని బడికి పరుగెత్తకండి.

మూడో తరగతి నుంచి హోంవర్కు ఏమిటో పిల్లవాడే మీకు చెప్పాలి. ఫోనులో గ్రూపు చూడకముందు వాడిని అడగండి. మరిచిపోతే తోటి పిల్లల ఇంటికి వెళ్లి తానే కనుక్కోవాలి. లెక్కలు ముందా తెలుగు ముందా అన్నది వాడినే నిర్ణయించుకోనివ్వండి. పూర్తిచేయడం మాత్రం తప్పనిసరి.

తప్పు కనిపిస్తే రబ్బరు మీరు పట్టుకోకండి. "ఈ వరుసలో ఒకటి తప్పుంది, వెతుకు" అనండి. అది వెతికే పది నిమిషాలే అసలు చదువు. ఎంత వెతికినా దొరకకపోతే కలిసి చూడండి. అప్పుడది భారం. భారం పంచుకోమనే కదా వాక్యం.

మార్కులు ఎన్ని అని అడిగేముందు, ఇవాళ నీకు కష్టమైంది ఏమిటి, దానికి ఏం చేశావు అని అడగండి. పక్కింటి పిల్ల పేరు ఆ సంభాషణలో రానివ్వకండి.

మిరపకోతలకు చీకటితోనే వెళ్లే తల్లులారా, మీరు ఇంట్లో లేనప్పుడు పిల్లలు అన్నీ తామే చేసుకుంటున్నారని మాకు తెలుసు. మీ పిల్లలకు ఇంకా ఒంటరితనం అక్కరలేదు. వారికి కావలసింది రాత్రి ఒక పావుగంట వినే చెవి. ఎంత అలసిపోయినా ఆ పావుగంట దాచి ఉంచండి.

సండే స్కూల్ టీచర్లకు ఒక మనవి. వచ్చే ఆదివారం నుంచి కథ అయ్యాక మీరు ప్రశ్న అడగకండి. ప్రతి పిల్ల ఒక ప్రశ్న అడగాలని చెప్పండి. మంచి ప్రశ్నకు చప్పట్లు కొట్టించండి. మీకు జవాబు తెలియకపోతే, వచ్చే వారం కలిసి వెతుకుదామనండి. అలా అన్నందుకు టీచరు గౌరవం తగ్గదు.

ఒక్క మాటతో ముగిస్తాం. తిమోతికి రాసిన రెండో పత్రికలో పౌలు, మొదట అవ్వయైన లోయిలోనూ, తర్వాత తల్లియైన యునీకేలోనూ ఉన్న విశ్వాసాన్ని గుర్తుచేసి, అది ఇప్పుడు తిమోతిలో కూడా ఉందని నమ్ముతున్నానని రాశాడు. అవ్వ విశ్వాసం మనవడికి అప్పుగా దొరకదు. తల్లి మోకాళ్ల మీద ఉన్నంత మాత్రాన కొడుకు ప్రార్థించినట్టు కాదు. ఏదో ఒకరోజు తిమోతి తన మోకాళ్లు తానే వంచాలి, తన గ్రంథం తానే విప్పాలి. రేపు తన రక్షణ విషయం దేవుని ముందు తానే లెక్క చెప్పాల్సిన పిల్లవాడికి, ఇవాళ తన పలక విషయం తానే లెక్క చెప్పడం నేర్పకపోతే ఎలా? చదువును సొంతం చేసుకున్న పిల్లలు వాక్యాన్నీ సొంతం చేసుకుంటారని మా ఆశ, మా ప్రార్థన.

దారి చూపే జ్ఞానమూ, చెయ్యి తీసే ధైర్యమూ, వెనకే నిలిచే ఓర్పూ ప్రభువు ప్రతి తల్లికీ తండ్రికీ అనుగ్రహించును గాక. మన పిల్లలు జ్ఞానమందును వయస్సునందును, దేవుని దయలోను మనుష్యుల దయలోను వర్ధిల్లుదురు గాక. ఆమేన్.